దుబాయిలో ఇల్లు కొంటారా?

దుబాయి అనగానే మన సినిమావాళ్ళకి గుర్తొచ్చేది పాట. రెండు ఇసుక తిన్నెలూ, ఓ ఒంటే, వెనకాల తెరచాపలా బుర్జ్ అల్ అరబ్ హోటలూ, గాలికి హీరోయిన్ పమిట ఎగరడమూ... అంతే! ఆ హోటలు నిలబడింది నేల మీద కాదు సుమండీ. ఒడ్డుకి 280 మీటర్ల దూరాన సముద్రంలో దీవి ఒకటి తయారుచేసి, దాని మీద కట్టారు. 1999 డిసెంబరులో తెరిచారు. లేనిచోట నేల పుట్టించడం, ఆ నేల మీద మేడ లేపడం, మేడ లేవకముందే దానికి బేరం పెట్టడం - ఈ విద్య ఆ ఊరికి బాగా అబ్బింది.

మనవాళ్ళు దీనికి ముక్కు మీద వేలేసుకోనక్కర్లేదు. మనం చేసేదీ అదే కదా! క్లైమాక్సు ఏమిటో డైరెక్టరుకే తెలియని రోజుల్లో నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని బయ్యర్ల దగ్గర అడ్వాన్సులు పుచ్చుకుని, ఆ డబ్బుతోనే సినిమా తీస్తాం. దుబాయి మేడలూ అలాగే లేచాయి. ప్లాను చూపించి పదో వంతు, పునాది పేరు చెప్పి పదో వంతు, శ్లాబుకింత, తాళం చేతికిచ్చేటప్పుడు మిగతాది. ఈ పద్ధతికి అక్కడ 'ఆఫ్ ప్లాన్' అని పేరు. తేడా ఏమిటంటే, మన బయ్యరుకి సినిమా ఆడకపోతే మన ఆఫీసుకొచ్చి బల్ల గుద్దే వీలుంటుంది. తణుకు నుంచి దుబాయి వెళ్ళి బల్ల గుద్దడం అంత తేలిక కాదు.

నేను ప్రొడక్షన్ మేనేజర్ని. పాట ఎలా వచ్చిందో నన్నడక్కండి. పాటకి ఎంతయిందో అడగండి, పైసలతో సహా చెబుతాను. యూనిట్లతో దుబాయి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి, అంటే 2008 అక్టోబరులో, నా బ్యాగులో షూటింగు బడ్జెట్టు కాగితాలతో పాటు మా తోడల్లుడి ఫ్లాటు అగ్రిమెంటు జిరాక్సు కాపీ కూడా ఉంది. కాబట్టి ఈ వ్యాసంలో పాటల సంగతి తక్కువ, ఫ్లాట్ల సంగతి ఎక్కువ. హీరోయిన్ కబుర్ల కోసం పేజీ తిప్పినవారు క్షమించాలి.

మా తోడల్లుడికి తణుకు దగ్గర ఎరువుల కొట్టు. 2008 సంక్రాంతి వెళ్ళాక ఏదో పని మీద హైదరాబాదు వచ్చి, ఓ పెద్ద హోటల్లో దుబాయి ఫ్లాట్ల స్టాలు చూశాడు. చల్లటి గది, ఖర్జూరాలు, టై కట్టుకున్న కుర్రాడు. ఒక బెడ్‌రూము ఫ్లాటు, 700 అడుగులు, అడుగు 1,100 దిర్హాములు. మొత్తం 7 లక్షల 70 వేల దిర్హాములు. "అంత డబ్బు నేనెక్కడ తేనయ్యా?" అంటే ఆ కుర్రాడు నవ్వి, "మొత్తం ఎవరు కడతారండీ! రెండు వాయిదాలు కట్టండి చాలు. మూడోది వచ్చేలోపల ఇంకొకరికి అమ్మేస్తాం" అన్నాడట.

అబద్ధం చెప్పాడనుకోకండి. ఆ రోజున అది నిజమే. 2002లో దుబాయి పాలకులు పరదేశీయులు కూడా కొన్ని ప్రాంతాల్లో ఇళ్ళు సొంతంగా కొనుక్కోవచ్చన్నారు. 2006లో దానికి చట్టం వచ్చింది. ఇక చూడండి, ఇంగ్లండువాళ్ళు, రష్యావాళ్ళు, ఇరాన్‌వాళ్ళు, మనవాళ్ళు ఒకటే తోపులాట. పొద్దున టోకెన్ తీసుకున్నవాడు సాయంత్రానికి అదే క్యూలో వెనకున్నవాడికి లాభానికి అమ్మేసిన రోజులవి. ఇల్లు కావలసినవాడు అందులో ఎందరో గానీ, కాగితం కావలసినవాళ్ళు మాత్రం బోలెడు మంది.

తోడల్లుడు కూతురి పెళ్ళి కోసం ఉంచిన ఎకరంన్నర అమ్మి, రెండు వాయిదాలు కట్టాడు. ఒక్కోటి 77 వేల దిర్హాములు. అప్పుడు దిర్హాము మన డబ్బులో 10 రూపాయల 70 పైసలు. వెరసి పదహారున్నర లక్షలు. మూడో వాయిదాకి గడువు నవంబరు. ఈలోగా అమ్మిపెడతానన్న కుర్రాడు ఫోనెత్తడం మానేశాడు. పైగా దిర్హాము డాలరుకి కట్టేసిన నాణెం. డాలరుకి 3.67 అని ఏళ్ళ తరబడి అదే రేటు. కాబట్టి డాలరు పెరిగితే మనకి దిర్హామూ పెరుగుతుంది. 2008 మొదట్లో 39 రూపాయలున్న డాలరు అక్టోబరులో 50 దాకా పోయింది. వాయిదా అదే 77 వేలు. మనవాడి జేబులోంచి పోవాల్సింది మాత్రం 8 లక్షల చిల్లర నుంచి 10 లక్షల చిల్లరకి చేరింది! ఫ్లాట్ల స్టాలువాళ్ళు రంగుల పుస్తకంలో స్విమ్మింగ్ పూలు వేస్తారు, జిమ్ము వేస్తారు, ఈ లెక్క మాత్రం వెయ్యరు.

"అన్నయ్యగారూ, ఎలాగూ వెళుతున్నారు. ఆ చోటు ఒక్కసారి కళ్ళతో చూసి చెప్పండి. కట్టమంటే కడతాను" అన్నాడు. వెనకనుంచి మా మరదలి గొంతు: "బావగారూ, ఫొటో తియ్యండి!"

పందిరి నిండా ఊళ్ళు

మేం దిగిన వారంలోనే సిటీస్కేప్ అనే ఎగ్జిబిషను జరుగుతోంది. ఇళ్ళమ్మేవాళ్ళ తిరునాళ్ళన్నమాట. మా హీరో డేట్లలో ఒక పూట ఖాళీ దొరికితే ఆర్ట్ డైరెక్టరుగారూ నేనూ వెళ్ళాం. మినియేచర్లు చూసి ఆయన కదల్లేదు! దీపాలు వెలిగే మేడలు, గాజు సముద్రం, వేలెడంత పడవలు, గోరంత మనుషులు. "ఒక్కో మోడలుకయిన ఖర్చుతో మనం ఒక పాట తీసెయ్యొచ్చయ్యా" అన్నాడాయన. నిజం. కిలోమీటరు కన్నా ఎత్తుండే మేడ కడతామని నఖీల్ కంపెనీ ఆ వారంలోనే ప్రకటించింది. సముద్రంలో ఖర్జూరపు చెట్టు ఆకారంలో పామ్ జుమైరా దీవి పోసింది వాళ్ళే. అప్పటికి అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలి మూడు వారాలయింది.

హాల్లో జనం బాగానే ఉన్నారు. కానీ నాదో చెడ్డ అలవాటు - సినిమా హాలుకెళితే తెర కన్నా బుకింగు కౌంటరే ఎక్కువ చూస్తాను. ఇక్కడా అదే చేశాను. మోడళ్ళ చుట్టూ మనుషులు, బల్లల దగ్గర కుర్చీలు ఖాళీ. చూసేవాళ్ళున్నారు, సంతకం పెట్టేవాళ్ళు లేరు. ఆ రాత్రి భోజనానికి కరామా వెళ్ళాం. బాంబే నుంచి మదరాసు దాకా అన్ని ఊళ్ళ వంటలూ దొరికే పేట అది. కిరాణా కొట్టు గోడ మీద బోర్డు ఉంది. 'బెడ్ స్పేస్ అద్దెకు' చీటీల పక్కన ఫ్లాట్లు అమ్ముతామన్న చీటీలు. వాటి మీద 'ఒరిజినల్ ప్రైస్' అని రాసుంది. ఆ మాట కథేమిటని కొట్టు యజమానిని అడిగాను. ఆయన మలబారు మనిషి, పాతికేళ్ళుగా అక్కడే ఉన్నవాడు. "వేసవిలో అవే చీటీల మీద ప్రీమియం ఇంత, ప్రీమియం అంత అని ఉండేది. ఇప్పుడు కొన్న ధరకే ఇస్తామంటున్నారు. మొన్న ఒకడు అంతకంటే తక్కువకీ ఇస్తానన్నాడు" అన్నాడు చిల్లర లెక్కపెడుతూ. ఎగ్జిబిషనులో వెయ్యి దీపాల మోడళ్ళు చెప్పని సంగతి ఆ నాలుగు చీటీలు చెప్పాయి.

బోర్డు ఉంది, బిల్డింగు లేదు

మర్నాడు లైటింగు ఆలస్యమవుతుందని తెలిసి టాక్సీ కట్టించుకున్నాను. అది నా సొంత ఖర్చులో రాసుకున్నాను, ప్రొడ్యూసరుగారి ఖాతాలో కాదు. రోడ్డుకి రెండు పక్కలా క్రేన్లు. ప్రపంచంలోని క్రేన్లలో నాలుగో వంతు దుబాయిలోనే ఉన్నాయని ఆ రోజుల్లో ఊరంతా చెప్పుకునేది. లెక్కపెట్టిన మహానుభావుడెవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఊరు దాటి దుబాయ్‌ల్యాండ్ వైపు తిరిగాం. 2003లో ప్రకటించిన బ్రహ్మాండమైన వినోద నగరం అది. ఎడారి మధ్య హఠాత్తుగా ఓ తోరణం కనబడింది. యూనివర్సల్ స్టూడియోస్ వారిది! ఆ ఏడాదే నిలబెట్టారు. హాలీవుడ్ సినిమాల్లో చూసే ఆ భూగోళపు గుర్తూ, ఆ దర్జా ద్వారమూ అచ్చంగా ఉన్నాయి. టాక్సీ ఆపించి దిగి, ద్వారంలోంచి అవతలికి చూశాను. ఇసుక. కనుచూపు మేర ఇసుకే. సెట్టు వెనకాల చెక్కలూ, మేకులూ, తాళ్ళూ చూసి చూసి అలవాటైన నాకు కూడా ఒక్క క్షణం మాట రాలేదు. మన సెట్టుకి కనీసం వెనకనుంచి ఆనించిన కర్రలైనా ఉంటాయి.

అక్కడినుంచి ఇంకో పావుగంట. టాక్సీ డ్రైవరు పెషావరు మనిషి. అడ్రసు కాగితం మూడుసార్లు చదివి, "ఇదే" అని ఆపాడు. తోడల్లుడి ఫ్లాటు నెంబరు 904. నేను తలెత్తి తొమ్మిదో అంతస్తు ఉండాల్సిన చోట చూశాను. ఆకాశం శుభ్రంగా ఉంది. కింద రేకుల కంచె, కంచె మీద ఈత కొడుతున్న తెల్లదొరల కుటుంబం బొమ్మ, లోపల పెద్ద గొయ్యి. గోతిలో పైలింగు కొట్టిన స్తంభాలు, వాటిలోంచి పైకి లేచిన ఇనుప చువ్వలు. చువ్వలు తుప్పుపట్టి ఎర్రబడ్డాయి. పని జరిగేచోట తుప్పు పట్టే వ్యవధి ఇవ్వరు. ఈ సంగతి హైదరాబాదులో ఇల్లు కట్టించినప్పుడు మా మేస్త్రీ చెప్పాడు.

రేకుల షెడ్డులోంచి వాచ్‌మన్ బయటికొచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. నేను హిందీలో మొదలెడితే, మొహం చూసి, "తెలుగోళ్ళా సార్?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"మాది జగిత్యాల దిక్కు సార్. కరీంనగర్ జిల్లా."

"పనేం జరగట్లేదేమిటయ్యా?"

"నెల దాటింది సార్. మొదట రెండు బస్సుల మంది వస్తుండె. తర్వాత ఒక్క బస్సు. గిప్పుడు నేనొక్కణ్ణే. మిషిన్లు గూడ కొంటవోయిండ్రు. మల్లెప్పుడొస్తరో ఎవ్వలు చెప్తలేరు."

జీతం సంగతి అడిగాను. రెండు నెలలది ఆగిందన్నాడు. ఏజెంటుకి లక్షా ఇరవై వేలు కట్టి వచ్చాడట. "మా అయ్య భూమి కుదువ వెట్టిండు సార్. నూటికి మూడు రూపాయల మిత్తి." ఆ మాట అంటూనే నా చేతిలో కాగితాలు చూసి, "మీరు గిండ్ల ఇల్లు కొన్నరా సార్?" అని అడిగాడు. నాది కాదు, మా చుట్టాలదని చెప్పాను. గోతి వంక చూశాడు, నా వంక చూశాడు. "పైసలు మల్ల కట్టకుమనుండ్రి సార్" అన్నాడు.

పదహారున్నర లక్షలు తీసుకున్న హోటల్ స్టాలు కుర్రాడికి తెలియని సంగతి, ఆ గోతికి కాపలా ఉన్న కుర్రాడికి తెలుసు! ఫొటో తీశాను. వాచ్‌మన్‌ని కూడా తీస్తానంటే చొక్కా సర్దుకుని నిలబడ్డాడు.

కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. ఏ కంపెనీ అంటారా? పేరెందుకు లెండి. చక్కటి ఆఫీసు, గాజు తలుపులు, ఏలకులు వేసిన కాఫీ. నేను ఒక్కటే అడిగాను - ఎస్క్రో ఖాతా నెంబరు. ఇది ప్రతి పాఠకుడూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట కనక కాస్త విడమరుస్తాను. కొనేవాళ్ళు కట్టిన సొమ్ము కంపెనీ సొంత ఖాతాలో వేసుకోకూడదు, ఒక్కో ప్రాజెక్టుకీ విడిగా బ్యాంకులో ఎస్క్రో ఖాతా తెరవాలి, పని జరిగిన మేరకే అందులోంచి తియ్యాలి అని దుబాయిలో 2007లో చట్టం తెచ్చారు. దీన్ని చూడ్డానికి రెరా అనే సంస్థనీ ఆ ఏడాదే పెట్టారు. ఆఫ్ ప్లాన్ అమ్మకాలన్నీ ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కించి తీరాలని 2008లో ఇంకో చట్టం. మావాడి రసీదుల మీద ఉన్నది మామూలు కంపెనీ ఖాతా. ఆఫీసులో అమ్మాయి ఎంతో మర్యాదగా "మా మేనేజరు మీకు ఫోన్ చేస్తారు" అంది. ఇంతవరకూ చెయ్యలేదు.

ఆ రాత్రి తణుకు ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల చాలాసేపు మాటలేదు.

"కట్టకపోతే పదహారున్నరా పోతుంది కదండీ" అన్నాడు చివరికి.

"కడితే ఇరవయ్యేడు పోతుంది" అన్నాను.

ఎవరికైనా ఇక్కడే కాళ్ళు తడబడేది. ఆడని సినిమాకి రెండో వారం కూడా పోస్టర్లు వేయించే ప్రొడ్యూసర్లని ఎంతమందిని చూశాను! పెట్టింది పోతుందన్న భయంతో మళ్ళీ పెడతారు. మా తోడల్లుడు అలా చెయ్యలేదు. చెయ్యడానికి డబ్బు కూడా లేదనుకోండి, అయినా అప్పు తెచ్చి కట్టేవాడే. మూడో వాయిదా ఆపేశాడు. ఖాతా నెంబరు చూపించేదాకా కట్టనని రిజిస్టరు పోస్టులో కాగితం పంపాడు.

దీపాలు వెలగని కిటికీలు

తరువాత జరిగింది పేపర్లలో చదివే ఉంటారు. 2008 నవంబరులో పామ్ దీవి చివర అట్లాంటిస్ హోటలు ప్రారంభోత్సవానికి ఆకాశమంతా బాణాసంచా కాల్చారు. ఆ నెలలోనే ఇళ్ళకి అప్పులిచ్చే రెండు పెద్ద సంస్థలు, అమ్లాక్, తమ్‌వీల్, కొత్త అప్పులు ఆపేశాయి. కిలోమీటరు మేడ 2009 జనవరిలో ఆగింది. ఇళ్ళ ధరలు దాదాపు సగానికి పడిపోయాయి. అక్కడ చెక్కు చెల్లకపోతే అప్పట్లో జైలే. (2022 నుంచి ఆ చట్టాన్ని చాలావరకు సడలించారు.) అందుకని అప్పులున్నవాళ్ళు కొందరు కార్లు విమానాశ్రయంలో వదిలేసి విమానాలెక్కేశారని కథలు కథలుగా రాశారు. కార్ల సంఖ్య ఒక్కో పేపర్లో ఒక్కోలా ఉండేది, అదీ మన సినిమా వసూళ్ళలాగే! 2009 నవంబరు 25న, బక్రీదు సెలవులకి ముందు, దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పులవాళ్ళని గడువు అడిగింది. డిసెంబరు 14న పొరుగు ఎమిరేటు అబూ దాబీ వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది. అందులో 410 కోట్లు నఖీల్ బాండ్లకే పోయాయి. మూడు వారాలు తిరక్కుండానే, 2010 జనవరి 4న, బుర్జ్ దుబాయి అని కట్టుకొచ్చిన 828 మీటర్ల మేడకి ప్రారంభోత్సవం రోజున బుర్జ్ ఖలీఫా అని పేరు మార్చారు. ఖలీఫా అంటే అప్పటి అబూ దాబీ పాలకుడి పేరు. ఫైనాన్సియరు పేరు టైటిల్స్‌లో ముందు పడిందన్నమాట.

2010 మార్చిలో ఇంకో యూనిట్‌తో వెళ్ళాను. ఖలీఫా మీదికెక్కి ఒక షాట్ తియ్యాలని డైరెక్టరు ముచ్చట. ఫిబ్రవరిలో లిఫ్టు ఆగిపోయి, చూసేవాళ్ళ అంతస్తు మూసేశారు, ఏప్రిల్లో గానీ తెరవలేదు. (టామ్ క్రూజ్ ఆ గోడ పట్టుకుని పాకిన సినిమా 2011లో వచ్చింది.) మాకు అద్దె ఖర్చు మిగిలింది. రాత్రి మెట్రో రైలెక్కాను. 2009 సెప్టెంబరు 9న, అంటే తొమ్మిది తొమ్మిది తొమ్మిదిన, మొదలెట్టిన రైలు అది. కిటికీలోంచి మెరీనా మేడలు చూస్తుంటే అద్భుతంగా ఉన్నాయి గానీ, ఒక్కో మేడకి పది పన్నెండు కిటికీల్లో తప్ప దీపం లేదు. నేను స్టేషను స్టేషనుకీ లెక్కపెడుతూనే ఉన్నాను.

తోడల్లుడి గొయ్యి అలాగే ఉంది. ఇసుక సగం దాకా పూడ్చింది. ఈత కొడుతున్న కుటుంబం బొమ్మ ఎండకి వెలిసి నీలం రంగొక్కటే మిగిలింది. వాచ్‌మన్ లేడు. అల్ కూజ్‌లో కూలీల క్యాంపుకి వెళ్ళి ఫొటో చూపించి వాకబు చేశాను. అతనితో ఉన్న కుర్రాడొకడు దొరికాడు. 2009 మొదట్లోనే ఇంటికి పోయాడట, ఆగిన జీతం రాకుండానే, టిక్కెట్టు సొంతంగా కొనుక్కుని. కుదువబెట్టిన భూమి సంగతి అడిగాను. "షావుకారికే వోయింది సార్" అన్నాడు.

ఇటు కంపెనీవాళ్ళు కొత్త పాట అందుకున్నారు. ఆ బిల్డింగు కట్టడం లేదు, మీరు కట్టిన 1 లక్షా 54 వేల దిర్హాములు మా ఇంకో బిల్డింగులో సర్దుతాం, ధర కూడా తగ్గిస్తాం, 3 లక్షల 10 వేలకి ఒక చిన్న స్టూడియో ఫ్లాటు, మిగతాది తాళం ఇచ్చేటప్పుడు - అని. ఆ రోజుల్లో చాలా కంపెనీలు చేసిన పనే ఇది. నేను వెళ్ళి ఆ రెండో బిల్డింగు చూశాను. ఇక్కడ పద్నాలుగు అంతస్తులూ లేచాయి. ఏసీ గొట్టాలు బిగిస్తున్నారు. మధ్యాహ్నం షిఫ్టుకి నా కళ్ళముందే రెండు బస్సుల కూలీలు దిగారు. బస్సులు చూశాకే నాకు నమ్మకం కుదిరింది. తణుకు ఫోన్ చేసి, "ఇది కడుతున్నారయ్యా" అన్నాను.

కానీ అప్పటికి తోడల్లుడి దగ్గర ఏముంది? 2009 వేసవిలో కూతురి పెళ్ళి మిగిలిన పొలం మీద అప్పు తెచ్చి చేశాడు. మిగతా 1 లక్షా 56 వేల దిర్హాములంటే అప్పటి రేటున 19 లక్షల పైమాట. కరామాలో వ్యాపారం చేసుకునే ఒక గుజరాతీ ఆయన ఆ కాగితం 70 వేల దిర్హాములకి కొంటానన్నాడు. 8 లక్షల 70 వేలు. ఆయన బేరమాడే ముందు బిల్డింగుకి రెండుసార్లు వెళ్ళొచ్చాడు, ఎస్క్రో ఖాతా చూశాడు, కట్టాల్సిన మిగతా సొమ్ము బ్యాంకులో ఉంచుకున్నాడు. మావాడు ఇచ్చేశాడు. ఎకరంన్నరలో సగానికి పైగా వెనక్కొచ్చింది, అప్పులో వేశాడు. ఆ గుజరాతీ ఆయన అందులో అద్దెకి మనిషిని పెట్టి, 2014లో ధరలు మళ్ళీ పైనున్నప్పుడు అమ్మాడని విన్నాను. అదే కాగితం, అదే ఫ్లాటు. కొన్నవాడు ఎప్పుడు కొన్నాడు, ఏం చూసి కొన్నాడు అన్నదే వేరు.

నెమ్మదిగా దిగే ధర

2008లో పడ్డట్టు ప్రతిసారీ దబ్బున పడదు. 2014 తరువాత దుబాయిలో ధరలు ఐదారేళ్ళు నెమ్మదిగా జారాయి. 2017లో మూడోసారి వెళ్ళినప్పుడు ఎక్కడా గోతులు లేవు, పారిపోయినవాళ్ళూ లేరు. జెబెల్ అలీ వైపు బాలీవుడ్ పార్క్స్ అని హిందీ సినిమాల వినోదశాల 2016లో తెరిచారు. షోలే, లగాన్, దబంగ్ - ఒక్కో సినిమాకి ఒక్కో ఆట. ముచ్చటగానే ఉంది గానీ జనం పలచన. (2023లో మూసేశారు.) దారిపొడుగునా ఫ్లాట్ల బోర్డులు. ధర తగ్గినట్టు ఒక్క బోర్డూ చెప్పదు! 'రిజిస్ట్రేషను మేమే కడతాం', 'మూడేళ్ళు మెయింటెనెన్సు ఉచితం', 'తాళం తీసుకున్నాక ఐదేళ్ళపాటు కట్టండి'... రిజిస్ట్రేషనంటే తక్కువ కాదు, 2013లో దాన్ని 2 నుంచి 4 శాతానికి పెంచారు. మన థియేటర్లలో సినిమా చల్లబడితే టిక్కెట్టు రేటు తగ్గించరు, లక్కీ డ్రా పెడతారు చూడండి, అదన్నమాట. కానుకలు పెరుగుతున్నాయంటే ధర తగ్గుతోందని చదువుకోవాలి.

ఇప్పుడీ సంగతులన్నీ ఎందుకు తవ్వానంటే, 2025లో మా తోడల్లుడి కొడుకు - హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం - "పెదనాన్నా, బంజారాహిల్స్‌లో దుబాయి ఫ్లాట్ల ఎగ్జిబిషను, వస్తావా?" అన్నాడు. నాన్నకి చెప్పలేదట! వెళ్ళాం. కోవిడ్ తరువాత అక్కడ ధరలు మళ్ళీ ఆకాశాన్నంటాయి. మినియేచర్లలో ఇప్పుడు దీపాలే కాదు, నీళ్ళు కూడా కదులుతున్నాయి. 2008 తరువాత ఆగిపోయిన పామ్ జెబెల్ అలీ దీవిని కూడా 2023లో మళ్ళీ తెరమీదికి తెచ్చారు. నెలకి ఒక శాతం కడితే చాలంటున్నారు. 20 లక్షల దిర్హాముల ఆస్తికి పదేళ్ళ గోల్డెన్ వీసా. అటు ఫిచ్ అనే రేటింగు సంస్థ మాత్రం 2025 మే నెలలోనే, కొత్త ఇళ్ళు లక్షల్లో తయారవుతున్నాయి కనక ధరలు 15 శాతం దాకా తగ్గొచ్చని హెచ్చరించింది. ఆ కాగితం స్టాల్లో పెట్టలేదు లెండి.

కుర్రాడికి మన రూల్సు చెప్పాను. 2015 నుంచి మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపే వీలుంది. ఈ గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకోకూడదు. 2013 ఆగస్టులో రిజర్వు బ్యాంకువారు ఆ పరిమితి 75 వేలకి తగ్గించి, దాంతో ఇళ్ళు కొనడమే కూడదన్నారు, తరువాత సడలించారు. సగం వాయిదాలు కట్టాక అలాంటి కట్టడి మళ్ళీ వస్తే? 2023 అక్టోబరు నుంచి ఇలా పంపే సొమ్ములో పరిమితి దాటినదానికి బ్యాంకు 20 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది. ఆదాయపు పన్ను లెక్కలో సర్దుతారు నిజమే, కానీ అందాకా ఆ డబ్బు మనది కాదు. అద్దె వస్తే ఇక్కడ లెక్క చూపాలి. ఏటా అడుగుకి ఇంత అని మెయింటెనెన్సు, అద్దెకున్నా లేకున్నా.

వాడు అన్నీ ఫోనులో రాసుకున్నాడు. టై కట్టుకున్న కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఎస్క్రో ఖాతా నెంబరు అడగ్గానే చూపించాడు, రిజిస్ట్రేషను కాగితం నమూనా కూడా చూపించాడు. కాలం మారింది, మెచ్చుకోవాలి. "మరి, ఇదే పేటలో తయారైపోయి, మనుషులు కాపురముంటున్న ఫ్లాటు అడుగు ఎంతకి దొరుకుతుంది బాబూ?" అనడిగాను. అతను కాసేపు టాబ్లెట్ వంక చూసి, "దానికి వేరే టీము ఉందండీ" అన్నాడు.

మావాడు టోకెన్ కట్టలేదు. డిసెంబరు సెలవుల్లో వెళ్ళి చూస్తానన్నాడు. సరేనని, చూడాల్సినవాటి పట్టీ నా అక్షరాలతోనే రాసిచ్చాను: రాత్రి తొమ్మిదికి ఎన్ని కిటికీల్లో దీపాలున్నాయి, సైటు ముందు కూలీల బస్సులు ఎన్ని దిగుతున్నాయి, కరామా కిరాణా కొట్ల బోర్డు మీద ఏం చీటీలున్నాయి. నాలుగోది వాడే కలిపాడు - వాచ్‌మన్‌ది ఏ ఊరో కనుక్కోవాలట.